ఏ అప్పు ముందు తీర్చాలి, ఇంట్లో ఎవరికి చెప్పాలి? మా ఇంటి మూడేళ్ల లెక్క

మీరు అడిగినవి రెండు. నాలుగు లక్షల పైన అప్పు ఉంది, జీతం పదో తారీఖుకే అయిపోతోంది, ఇంట్లో రోజూ గొడవలు, ఇందులో ఏది ముందు కట్టాలి అన్నది ఒకటి. ఈ సంగతి అత్తగారికీ పిల్లలకీ చెప్పాలా, మీ ఇద్దరిలోనే ఉంచుకోవాలా అన్నది రెండోది. రెండూ మా ఇంట్లో జరిగినవే కనుక ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మాది తణుకు. మా వారు రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు, అప్పట్లో జీతం 27,000. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, నెలకి ఏడెనిమిది వేలు వచ్చేవి. అత్తయ్య, ఇద్దరు పిల్లలు, 6,000 అద్దె. ఆడపడుచు పెళ్లికి కొంత, ఆ వెంటనే అత్తయ్య మోకాలి ఆపరేషన్‌కి కొంత అప్పు చేశాం. అవన్నీ నాకు తెలుసు. తెలియనిది క్రెడిట్ కార్డు. 2022 సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు ఆయన ఫోన్‌కి మెసేజ్ వస్తే నేనే చూశాను. 70,000 బాకీ. ఇంటి ఖర్చు చాలనప్పుడల్లా కార్డు వాడి, ఏడాదిగా మినిమం, అంటే బిల్లులో కనీసం కట్టమన్నంతే, కడుతూ వచ్చారట. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక పాత నోటుబుక్కు తీసి, ఆయన చెబుతుంటే అన్నీ ఒకే పేజీలో రాశాను.

బ్యాంకు పర్సనల్ లోన్ ఇంకా 2,60,000, నెలకి 8,200 చొప్పున 40 వాయిదాలు. తెలిసినాయన దగ్గర నోటు రాసి తెచ్చింది 1,50,000, నూటికి రెండు రూపాయల వడ్డీ. కార్డు 70,000. కిరాణా కొట్టు ఖాతా 11,000. అయిపోయిందని పుస్తకం మూయబోతుంటే ఆయనే "చీటీ కూడా రాయి" అన్నారు. పెళ్లప్పుడు పాడుకున్న చీటీ, నెలకి 5,000 చొప్పున ఇంకా 14 నెలలు ఉంది. చీటీ పాడుకున్నాక కట్టేదంతా అప్పు కిందే లెక్క. చాలామంది దాన్ని పొదుపు అనుకుని వదిలేస్తారు, మీకు అలాంటిది ఉంటే తప్పకుండా రాసుకోండి. మొత్తం 5,61,000 తేలింది. ఆ అంకె చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆయన మాత్రం ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయారు.

ఇక ఏది ముందు అన్న సంగతి. నోటు అప్పే ముందు తీర్చేద్దామని మా ఇద్దరికీ అనిపించింది, ఎందుకంటే అప్పిచ్చినాయన రోజూ బజార్లో ఎదురుపడతాడు, తల దించుకోవాల్సి వస్తుంది. కార్డు వాళ్లు కంటికి కనపడరు. కానీ ఒక్కో అప్పు పక్కన వడ్డీ రాసేసరికి వరస మారిపోయింది. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం, లక్షన్నరకి నెలకి 3,000. కార్డు మీద నెలకి మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42. 70,000 మీద నెలకి 2,450 వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 441. మినిమం 3,500 కడితే అసలులో తగ్గేది ఆరు వందలు. ఏడాదంతా కట్టినా బాకీ ఎందుకు తగ్గలేదో అప్పుడు అర్థమైంది.

అదే సమయంలో బ్యాంకులో బంగారం మీద 9 శాతానికి అప్పు ఇస్తున్నారు. బీరువాలో బంగారం ఉంచుకుని బయట 24కీ 42కీ వడ్డీ కడుతున్నాం మేము. అయితే ఆ బంగారం నాది కాదు, అత్తయ్య గాజులు. ఆవిడకి చెప్పకూడదని మా వారి పట్టు. తన ఆపరేషన్ వల్లే ఇదంతా అని కుమిలిపోతారని ఆయన భయం. నేనే చెప్పాను. వంటింట్లో కూర్చుని ఇద్దరం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం, కాగితం చూపించి అంకెలన్నీ చదివాను. ఆవిడ ఏమీ అనలేదు. సాయంత్రం దీపం పెట్టాక గాజులు గుడ్డలో కట్టి తెచ్చి, "బీరువాలో ఉంటే ఏం, బ్యాంకులో ఉంటే ఏం. వడ్డీ వ్యాపారి దగ్గర మాత్రం పెట్టకండి" అన్నారు. అప్పు సంగతి ఆవిడకి ముందే తెలుసట. ఎంతో తెలియక అంతకంటే ఎక్కువే ఊహించుకుని ఎన్నాళ్లుగానో నిద్రపోలేదట. మీ అత్తగారికి చెప్పండి అని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే.

ఐదు కాసులు, అంటే 40 గ్రాములు. 1,30,000 వచ్చింది. 70,000తో కార్డు పూర్తిగా కట్టి మూసేశాం. 60,000 నోటు అప్పులో కట్టాం. అంతకుముందు నెలనెలా అప్పులకి పోయేది 19,700, ఆ తర్వాత బంగారం వడ్డీతో కలిపి 16,000. రూపాయి జీతం పెరగకుండానే నెలకి 3,700 మిగిలింది. కానీ కార్డు వాడకం ఆపగలమన్న నమ్మకం లేకపోతే ఈ పని చేయకండి. ఆరు నెలల్లో కార్డు మళ్లీ నిండుతుంది, బంగారమూ తాకట్టులోనే ఉంటుంది. ఇంకోటి, బంగారం లోన్ మాకు ఏడాదికే ఇచ్చారు. గడువు లోపల వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి, పట్టించుకోకపోతే వేలం దాకా పోతుంది. ఆ తారీఖు క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో రాసిపెట్టాను.

నోటు అప్పు ఇచ్చినాయన మొదట మొత్తం ఒకేసారి కట్టమన్నాడు. వెళ్లి నెమ్మదిగా అడిగితే పదేసి వేల చొప్పున తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు వేయించుకున్నాం, తారీఖుతో, సంతకంతో. ఎంత తెలిసినవాళ్లయినా ఇది మానకండి.

తిండి దగ్గర తగ్గించింది తక్కువే. కొట్టు ఖాతా నెలకి 2,000 చొప్పున తీర్చేసి, సరుకులు నెలకోసారి డబ్బిచ్చి తెచ్చుకోవడం మొదలుపెట్టాం. ఖాతా రాయించినప్పుడు చేతికి అడ్డు ఉండదు. ఆదివారం చికెన్ రెండు వారాలకోసారి అయింది, మిగతా వారం గుడ్ల పులుసు.

మొదట్లో మేము చేసిన తప్పు కూడా చెప్పాలి. మిగిలిన ప్రతి రూపాయీ అప్పుకే కట్టేశాం. జూన్‌లో స్కూటర్ ఇంజిన్ పోయింది, మెకానిక్ 6,400 అన్నాడు. ఇంట్లో 900 ఉన్నాయి. ఎవరో ఫోన్‌లో యాప్ లోన్ తీసుకోమని చెబితే ఆయన దాదాపు నొక్కేశారు. నేను రెండు పెళ్లి బ్లౌజులకి అడ్వాన్సు అడిగి తెచ్చాను. ఆ తర్వాత 10,000 పోగయ్యే దాకా అదనంగా ఏ అప్పూ కట్టలేదు. ఆ పది వేలు పోస్టాఫీసు ఖాతాలో విడిగా ఉంచాం. మీరు ముందు అది పెట్టుకుని మొదలుపెట్టండి.

పిల్లల గురించి ఎక్కువ రాయాలనిపిస్తోంది. పాప అప్పుడు ఆరో తరగతి, బాబు రెండు. బాబుకి ఏమీ చెప్పలేదు. పాపకి చెప్పాం, రోజూ రాత్రి ఖర్చులు పుస్తకంలో రాసే పని తనకే ఇచ్చాం. ఎంతో బాధ్యతగా రాస్తోందని మురిసిపోయాను. మూడు నెలల తర్వాత వాళ్ల టీచర్ ఫోన్ చేసి, స్కూల్ టూర్‌కి అందరూ పేర్లు ఇచ్చారు, మీ అమ్మాయి ఇవ్వలేదు అన్నారు. 350 రూపాయలు. ఇంట్లో చెప్పనే లేదు. పెన్సిల్ అరిగి వేళ్లకి దొరకనంత చిన్నదైనా కొత్తది అడగట్లేదని అప్పుడు చూశాను. ఆ రాత్రి నాకు ఏడుపు ఆగలేదు. పిల్లలకి చెప్పాలి, కానీ బరువు వాళ్ల మీద పడకూడదు. పాపని కూర్చోబెట్టి "ఇది అమ్మా నాన్న తీరుస్తారు, నీ పని రాయడం వరకే" అన్నాను. ఆ నెల నుంచి పిల్లలకని 300, ఆయన చేతి ఖర్చుకని 800 విడిగా పెట్టి, వాటికి లెక్క అడగకూడదని రాసుకున్నాం. టీ తాగిన పది రూపాయలకి కూడా లెక్క చెప్పాల్సి వస్తే ఏ మగవాడైనా మళ్లీ దాచడం మొదలుపెడతాడు. మీ ఇంట్లో రోజూ గొడవలు అన్నారు కదా, బహుశా మీరు ముందు మార్చాల్సింది ఇక్కడే.

బడ్జెట్‌ని నిజంగా ముంచేవి ఫంక్షన్లు. పెళ్లిళ్ల సీజన్‌లో నెలకి నాలుగు శుభలేఖలు వచ్చేవి. ఆడపడుచు పెళ్లినాటి చదివింపుల పుస్తకం తీసి, వాళ్లు మనకి ఎంత చదివించారో సరిగ్గా అంతే తిరిగి చదివించాం. కొత్త చీర కొనలేదు. వెళ్లడం మాత్రం మానలేదు, మానేస్తే దూరమైపోతాం.

2023 వైశాఖంలో పాపకి ఓణీ వేయాల్సి వచ్చింది. హాలు, భోజనాలు, ఫొటోలు అంటే లక్షన్నరకి తగ్గదు. మా అన్నయ్య, మేనమామ కాబట్టి ఓణీ తనే తేవాలి, "హాలు ఖర్చు నేను పెడతాను, వడ్డీ లేదు, నెమ్మదిగా ఇద్దువు గాని" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. చాలా ఆశ పుట్టింది కూడా. వారం ఆలోచించి వద్దన్నాను. ఇంటి ముందే షామియానా వేసి, నలభై మందికి పులిహోర, బూరెలు, గుత్తివంకాయ వండించాం. 22,000 అయింది, ఆరు నెలల నుంచి దానికోసం విడిగా దాచినదే. ఒకరిద్దరు చుట్టాలు మొహం తిప్పుకున్నారు, ఇప్పటికీ ఒకావిడ సరిగ్గా మాట్లాడరు. పాప మాత్రం డాబా మీద మామయ్య తెచ్చిన ఓణీలో తిరుగుతూ సాయంత్రం దాకా ఫొటోలు తీయించుకుంటూనే ఉంది.

ఆ ఏడాది మార్చితో చీటీ అయిపోయింది. ఆ 5,000 ఖర్చులో కలవకుండా ఏప్రిల్ ఒకటినే నోటు అప్పుకి మళ్లించాం. దసరాకి నోటు చేతికొచ్చింది. ఆ తర్వాత నోటుకి కడుతూ వచ్చిన డబ్బంతా, నెలకి దాదాపు పదివేలు, బంగారం మీదికి వెళ్లింది. 2024 డిసెంబర్‌లో గాజులు ఇంటికొచ్చాయి. 2025 ఏప్రిల్‌లో బ్యాంకు ఆఖరి వాయిదా కట్టాం, నో డ్యూ కాగితం అడిగి తెచ్చుకున్నాం.

మీ నాలుగు లక్షల్లో ఏది ఎంత వడ్డీకి తెచ్చారో, చీటీలు ఏమైనా ఉన్నాయో, ఇంట్లో బంగారం ఎంత ఉందో కింద రాయండి. ఏది ముందు కట్టాలో కలిసి చూద్దాం.