కన్నింగ్‌కి జాణ ఏమవుతుంది?

సందేహం: సియోల్‌లో కొరియా పిల్లలకు ఇంగ్లిష్ చెబుతుంటాను. పరీక్షలో చూసి రాయడాన్ని వాళ్లు ‘ఖన్నింగ్’ అంటారు. కన్నింగ్‌కి అసలర్థం ఏమిటి? తెలుగులో ‘జాణ’ అనవచ్చా?

సమాధానం: ఆ మాట కొరియాకు జపాన్ మీదుగా చేరింది. అక్కడి విద్యార్థులు కాపీ కొట్టడానికి ‘కన్నింగు’ అని పేరు పెట్టుకుంటే, కొరియావాళ్లు దానికి ‘హదా’ తగిలించి, మనం ఏ ఇంగ్లిష్ ముక్కకైనా ‘చేయు’ తగిలించినట్టే, క్రియ చేసేసుకున్నారు. స్లిప్పేమో ‘ఖన్నింగ్ పేపర్’. ఇంగ్లిష్‌లో కన్నింగ్ ముఖ్యంగా విశేషణం, ఎత్తులు వేసే మనిషికి వాడతారు. పరీక్ష సంగతికి ‘చీటింగ్’ అని నేర్పండి. అమెరికాలో ఒకప్పుడు ముద్దొచ్చే పసిపాపనూ కన్నింగ్ అన్నారు, అది వేరే కథ.

ఇక జాణ. మంచి మాట గుర్తుచేశారు. కన్నింగ్ పుట్టింది ‘తెలియు’ అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ ధాతువు నుంచి. కెన్, నో కూడా ఆ ఇంటివే. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో, 137వ కీర్తనలో, యెరూషలేమును మరిచిపోతే నా కుడిచెయ్యి తన కన్నింగ్‌ను మరిచిపోవాలని ఉంటుంది. అక్కడ మోసం లేదు, చేతి నేర్పే. మన సంస్కృత ‘జ్ఞా’ కూడా దానికి దాయాదే, అందులోంచి జానాతి, ప్రాకృతంలో జాణఇ, మనకు జాణ. అంటే తెలిసినవాడు, నేర్పరి, ఆడైనా మగైనా. ఇప్పుడు దాన్ని ఆడవాళ్లకే అంటగట్టి, కన్నుగీటుతూ వాడుతున్నారు, శీర్షికలు పెట్టేవాళ్లు మరీను! తెలివికి వచ్చే గతి రెండు భాషల్లోనూ ఇంతే కాబోలు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో గద్యపద్యాల కంటే సరసమైనదీ సర్వసామాన్యమైనదీ అని జాను తెనుగును మెచ్చుకుని ద్విపద ఎత్తుకున్నాడు కదా, ఆ ‘జాను’ ఈ జాణేనని కొందరంటారు. నేర్పరి తెనుగు అనుకోవడం నాకూ ఇష్టమే. కానీ అందమైన తెనుగు అని చెప్పేవాళ్లూ ఉన్నారు, ఇద్దరినీ కాదనలేను.

మీ ప్రశ్నకొస్తే, జాణకూ కన్నింగ్‌కూ చుట్టరికం కలుస్తుంది గానీ వాడుక కలవదు. నేటి కన్నింగ్‌కి ‘జిత్తులమారి’ దగ్గర, పిల్లల చేష్టలకైతే ‘గడుసు’ చాలు. ఇంత మాట ఉండగా మనవాళ్లు ‘వాడు కన్నింగ్ ఫెలో’ అని ఎందుకంటారో! ఆ కీర్తన వాక్యం లాంటిది తెనిగించేటప్పుడు మాత్రం ఎవరైనా ‘జాణతనం’ అని రాస్తే తప్పుపట్టను.