బ్లాగర్ చాలు, డొమైన్ మాత్రం సొంతం చేసుకోండి

తెలుగులో వంటల బ్లాగు, ఖర్చు తక్కువ కావాలి, బ్లాగరా వర్డ్‌ప్రెస్సా అని అడిగారు కదండీ. మీ అవసరానికి గూగుల్ వారి బ్లాగర్ చాలు, హోస్టింగ్ (బ్లాగును ఇంటర్నెట్‌లో ఉంచే చోటు) ఉచితం. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ప్లాన్‌లో వాళ్ల ప్రకటనలు మీ పేజీలో వస్తాయి, సొంత డొమైన్ (మీ పేరున తీసుకునే వెబ్ చిరునామా) కలపాలంటే డబ్బు కట్టాలి. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ వేరే సంగతి: సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ హోస్టింగ్ మీరే కొనాలి, అప్‌డేట్లు, బ్యాకప్‌ల టెన్షన్ కూడా మీదే. వంట చేసుకోవాలా, సర్వర్ చూసుకోవాలా!

బ్లాగర్‌లో డొమైన్ కలపడానికి గూగుల్ ఏమీ తీసుకోదు. ఏడాదికోసారి డొమైన్ రుసుము ఒక్కటే. రేపు వేరేచోటికి మారినా మీ చిరునామా మారదు.

ఒక చిక్కుంది. శీర్షిక తెలుగులో పెడితే బ్లాగర్ లింకులో ఆ అక్షరాలు వదిలేసి ‘బ్లాగ్-పోస్ట్’ అని పెట్టేస్తుంది. అందుకే ప్రచురించే ముందే పర్మాలింక్‌లో (పోస్టు లింకు ఎలా ఉండాలో చెప్పే చోట) కస్టమ్ ఎంచుకుని, వంటకం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయండి.