అందరి చేతులూ పడే పటం: టీచరమ్మకు పెద్దమ్మ ఉత్తరం

బిడ్డా,

బడి పిల్లలందరితో కలిపి ఒక పెద్ద బొమ్మ వేయించాలని ఉంది, గోడ మీద వేయిద్దామా అని ఫోన్లో అడిగినవు. గోడ వద్దు. నలుగురు నిలబడితే మిగతావాళ్లు తోసుకుంటారు, పై సగం ఎవరికీ అందదు, చివరికి నువ్వే స్టూలెక్కి పూర్తి చేస్తావు. పటం వేయించు, అంటే బట్ట మీద గడులు గడులుగా కథ వేసి చుట్టిపెట్టే పొడుగు బొమ్మ.

అలా బట్ట మీద వేసే చేర్యాల బొమ్మలు నువ్వు ఎగ్జిబిషన్లలో చూసే ఉంటావు. అక్కడ అమ్మేవి చిన్న ముక్కలు. కథ చెప్పేవాళ్ల కోసం నకాషీలనే చిత్రకారులు వేసే అసలు పటం మూడడుగుల వెడల్పుతో 40 అడుగులు కూడా దాటుతుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు అలాంటి పటాన్ని గడి తర్వాత గడి చూపిస్తూ కథ నడిపిస్తారు. ఎవరి గడి వాళ్లది, కథ మాత్రం అందరిదీ. పిల్లలకు ఇంతకంటే కుదిరే పద్ధతి నాకు తెలియదు.

నీకు పది, పన్నెండు అడుగులు చాలు. పాత తెల్ల పంచె తీసుకుని గంజి, సుద్ద, ఉడికించిన చింతగింజల పిండి, కొంచెం జిగురు కలిపి పట్టించు. పలుచగా రెండు మూడు పూతలు, ఒకటి ఆరాకే ఇంకొకటి. మందంగా పూస్తే చుట్టినప్పుడు పెచ్చులూడుతుంది.

దేవుళ్ల కథ కాకుండా ఊళ్లో అంగడి రోజు తీసుకో. పొద్దున బండ్లు దిగిన దగ్గర్నుంచి సాయంత్రం ఖాళీ అయ్యేదాకా ఏమేం జరుగుతుందో పిల్లలను చెప్పనీ, బోర్డు మీద రాయి. వాళ్లు చెప్పిన వరుసే గడుల వరుస. గడికి ఇద్దరు ముగ్గురు.

ఇక అసలు సంగతి. పై గడిలోంచి దిగే బాట కింది గడిలో ఎక్కడ మొదలవ్వాలో రెండు జట్లూ కూర్చుని అంచు మీద చుక్క పెట్టుకోవాలి. కొట్లాట అక్కడే వస్తుంది. "మా దగ్గర బాట వద్దు, అక్కడ మిర్చి బజ్జీల బండి ఉంది" అంటారు. తీర్పు చెప్పడానికి పరిగెత్తకు. కాసేపటికి బండిని పక్కకు జరుపుతారు, లేదంటే బాటను వంపు తిప్పుతారు. ఆ చుక్క దగ్గర మాట్లాడుకోకపోతే, ఎవరి బొమ్మ వాళ్లు వేసి పక్కపక్కన అంటించినట్టే ఉంటుంది.

ప్రతి బడిలో బొమ్మలు బాగా వేసే పిల్లగాడు ఒకడుంటాడు. అందరూ "నాకూ వేసివ్వురా" అని వాడి వెంట పడతారు. వాడికి చుట్టూ అంచు తీగ పని అప్పగించు. అన్ని గడుల పక్క నుంచీ పోతాడు, ఎవరి బొమ్మలోనూ వేలు పెట్టడు.

నాలుగు, ఐదు తరగతులవాళ్లు గీతలు, మూడోవాళ్లు రంగులు. వెనకాల ఎర్ర నేల నింపడం చిన్నవాళ్లది, వెడల్పు బ్రష్షులివ్వు. గీత దాటతారు, దాటనీ. చివర్లో పెద్దపిల్లలు నల్లగీతతో దిద్దుకుంటారు. నకాషీలు కూడా నల్లగీతలు ఆఖర్నే పెడతారు. ఒక్క పీరియడ్‌లో రంగులు కలిపి, నీళ్లు తెచ్చేసరికే గంట కొడతారు, అందుకే శనివారం మధ్యాహ్నాలు అడిగి పెట్టుకో.

నీ చెయ్యి మాత్రం దాని మీద పడొద్దు. బర్రెకు ఐదు కాళ్లున్నాయనుకో, ఐదోది తోకనా అని అడుగు. కాలే అంటే కాలే. చూడ్డానికి వచ్చిన పెద్దసార్లు "కొంచెం సరిచేస్తే బాగుండు" అంటారు, నవ్వి ఊరుకో.

అద్దాల ఫ్రేము కట్టిస్తామన్నా ఒప్పుకోవద్దు. పైనా కిందా కర్రలు కుట్టించి చుట్టిపెట్టు. తల్లిదండ్రుల మీటింగ్ నాడు విప్పించు, ఎవరి గడి వచ్చినప్పుడు వాళ్లే లేచి కథ చెప్పాలి. పేర్లు వెనకవైపు రాయించు, ముందువైపు రాస్తే సగం గడి పేర్లకే పోతుంది.

చింతగింజలు మన ఇంట్లో బోలెడున్నాయి. వేయించి, పొట్టు తీసి, దంచి పెడతా. వచ్చే ఆదివారం తమ్ముణ్ని పంపు.

మీ పెద్దమ్మ