చేదు అని రాసేముందు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

నీ అనువాదం చదివాను. హాయిగా సాగింది. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. "భర్త పోయాక ఆమె చేదుగా మారింది" అన్నావు. అమ్మా, మనకి కాకరకాయ చేదు, జ్వరమొస్తే నోరు చేదు. అనుభవం చేదు, నిజం చేదు, ఎందుకంటే అవి మింగాల్సినవి. మింగిన మనిషిని చేదు అనం. మనసు విరిగిందంటాం, లేదా కసి పెంచుకుందంటాం. ఆవిడది వీటిలో ఏదో మూలంలో మళ్లీ చూడు. రెండింటికీ చాలా దూరం.

ప్రూఫులు దిద్దే పనిలో చేరిన కొత్తలో "నేరేడు పండు చేదు" అన్న వాక్యాన్ని నేనూ వదిలేశాను. తప్పని తెలిశాక మోండా మార్కెట్‌లో పావుకిలో కొని, అక్కడే నిలబడి తిన్నాను. నాలుక మొద్దుబారింది, బుగ్గలు లోపలికి లాక్కున్నాయి. అది వగరు. చేదు అలా పట్టుకోదు, గొంతు దిగాక కూడా నోట్లో మిగిలి ఉంటుంది. ఏ రుచి గురించి రాయాలన్నా ముందు నోట్లో వేసుకో.

హైదరాబాద్‌లో ఉన్నావు కనుక ఇంకో జాగ్రత్త. ఇక్కడి ఉర్దూ, హిందీల్లో చేదుని కడ్వా అంటారు. దాని మూలం సంస్కృతంలోని కటు. షడ్రుచుల్లో కటువంటే కారం, చేదుకి తిక్తమని వేరే మాట ఉంది. తెలుగులో కటువు నాలుక మీద రుచిని వదిలి మాటల్లోకి వచ్చేసింది. కాబట్టి "కడ్వీ బాత్" కనబడగానే చేదు మాట అని రాసేయకు. కసురుకున్న మాటైతే అది కటువైన మాట.

చేదు మాత్రం అచ్చంగా మన ద్రావిడ మాట. తమిళంలో కైప్పు, కన్నడంలో కహి. 'క' ఎక్కడికి పోయిందంటావా? తమిళుల కై మనకి చేయి, కన్నడిగుల కెరె మనకి చెరువు. చేదు కూడా ఆ దారినే వచ్చింది. ఈ పోలికలు నాకెంత ఇష్టమో చెప్పలేను! బావిలో నీళ్లు చేదడం వేరే మాట, దానితో కలపకు.

వాడుక కోసం 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, పుట్టుక కోసం 1961లో బరో, ఎమెనో వేసిన ద్రావిడ నిఘంటువు చూడు. రెండూ నా దగ్గరున్నాయి. ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు చూసుకుని, అటునుంచి ఇంటికి రా. ఆ వాక్యం దిద్ది పట్టుకురా.

మీ మావయ్య