కోబాల్ట్, నికెల్ లేకుండా లిథియం బ్యాటరీ వస్తుందా?

వస్తుంది, ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకంలో ఆ రెండూ ఉండవు. ప్లస్ వైపు లిథియం అయాన్లు దూరి, మళ్లీ బయటికి రావడానికి ఒక గట్టి చట్రం కావాలి. కొన్ని రకాల్లో దాన్ని కోబాల్ట్, నికెల్‌తో కడతారు. కానీ కోబాల్ట్ విషపూరితం, ఖరీదు, పైగా ఎక్కువగా కాంగోలోనే దొరుకుతుంది. ఆ చట్రాన్ని ఇనుము, ఫాస్ఫేట్‌తో కట్టొచ్చని అమెరికాలో శాస్త్రవేత్త జాన్ గుడినఫ్ బృందం 1997లో చూపించింది. ఇనుముకు కరువేముంది? ఫాస్ఫేట్ మన డీఏపీ ఎరువులో ఉండేదే. కాకపోతే అంతే ఛార్జింగ్ నిల్వకు ఈ రకం బరువు కాస్త ఎక్కువ. ఈ-ఆటోల్లోనూ ఈ రకం వాడతారు.

కోబాల్ట్ లేదు కాబట్టి పాత బ్యాటరీని చెరువు గట్టున పారేసినా ఏమీ కాదనుకుంటారు. అది తప్పు. లోపలి ద్రవంలో ఫ్లోరిన్ ఉప్పు ఉంటుంది (ఫ్లోరైడ్ గురించి నల్లగొండకు వేరే చెప్పక్కర్లేదు). కాలితే విషవాయువు వస్తుంది.