బారెట్ స్కేల్‌లో ఆల్ఫా 0.38 వచ్చిందా? ముందు ఇది చూడండి

తొందరపాటును కొలిచే బారెట్ ప్రశ్నావళి (బీఐఎస్-11)లో ఆల్ఫా, అంటే వాక్యాలన్నీ ఎంత పొందికగా ఒకే విషయాన్ని కొలుస్తున్నాయో చెప్పే అంకె, ఇంత తక్కువ వచ్చిందంటే బహుశా రివర్స్ స్కోరింగ్ (తిరగేసి అడిగిన వాక్యాల మార్కులు తిప్పడం) వదిలేసి ఉంటారు. మీ ప్రశ్నలో, ఎర్రగడ్డలో మద్యం మాన్పించే చికిత్స తీసుకుంటున్న 40 మందిలో ఆల్ఫా 0.38 దగ్గరే ఆగిందని, తొందరపాటుకూ నైతిక తీర్పుకూ సంబంధమే కనబడలేదని రాశారు. డేటా పారేయకండి, టెన్షన్ వద్దు.

1. బీఐఎస్-11లో 30 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. వీటిలో 11 తిరగేసి ఉంటాయి: 1, 7, 8, 9, 10, 12, 13, 15, 20, 29, 30.

2. ఈ పదకొండింటికి 5లోంచి వచ్చిన మార్కు తీసేయండి. 4 అయితే 1, 3 అయితే 2. ఇవి నిదానం గురించి అడిగేవి. తిప్పకపోతే ప్లాన్ ప్రకారం నడిచే మనిషి మీ షీటులో తొందరపాటు మనిషి అయిపోతాడు. తిప్పకపోయినా మొత్తం 30–120 మధ్యే వస్తుంది కాబట్టి తప్పు కంటికి ఆనదు. ఇక్కడ జారడం తేలిక.

3. ఆల్ఫా మళ్ళీ తీయండి. ఇంకా తక్కువైతే తెలుగు అనువాదంలో 'లేదు', 'కాదు' ఉన్న వాక్యాలు చూడండి, వాటిని తప్పుగా అర్థం చేసుకుని ఉండొచ్చు.

4. నైతిక తీర్పు చూడటానికి అడిగే ట్రాలీ ప్రశ్నకు (అదుపు తప్పిన ట్రాలీ నుంచి ఐదుగురిని కాపాడటానికి ఒకరిని దాని ముందుకు తోసేస్తారా?) 'తోసేస్తాను' అన్న జవాబు ఐదుగురిని కాపాడాలన్న ఆలోచనతోనూ రావచ్చు, హాని చేయడానికి జంకు తక్కువై కూడా రావచ్చు. దాన్నిబట్టి పేషెంట్లకు నీతి తక్కువని దయచేసి రాయకండి.

5. ఆ తర్వాతే తొందరపాటుకూ నైతిక తీర్పుకూ కోరిలేషన్ (రెండిటికీ సంబంధం ఎంతో చెప్పే లెక్క) తీయండి.