ఆదివారం షికారుతో ఇంగ్లిష్ వస్తుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు విశాఖలో బీకాం రెండో సంవత్సరం. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు పూర్తిచేశాను. రాయమంటే తప్పుల్లేకుండా రాస్తాను, మాట్లాడమంటే టెన్షన్. హాస్టల్లో ఆరుగురం కలిసి ఆదివారాలు బయటికి వెళ్లి ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకుందాం అనుకుంటున్నాం. ఉపయోగం ఉంటుందా, టైమ్ వేస్టా?

జవాబు: బీచ్‌కి వెళ్లి ‘ఈ రోజంతా ఇంగ్లిషే’ అని ఒట్టు పెట్టుకోవడం వరకే అయితే టైమ్ వేస్టే. ముంత మసాలా బండి కనిపించగానే అందరూ తెలుగులోకి వచ్చేస్తారు. ఆరుగురికీ తెలుగు వచ్చినప్పుడు ఇంగ్లిష్‌తో పనేముంది? ఇంగ్లిష్ లేకపోతే గడవని పని ఒకటి పెట్టుకుని బయల్దేరండి. అప్పుడు ఫలితం ఉంటుంది.

అన్నిటికన్నా సులువైన మార్గం, తెలుగు రానివాళ్లను ఒకరిని వెంట తీసుకెళ్లడం. విశాఖలో వాళ్లకు కొదవ లేదు. ఆంధ్రా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులున్నారు. నేవీలో, స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసే వేరే రాష్ట్రాలవాళ్ల పిల్లలు మీ కాలేజీలోనే ఉండొచ్చు. ఊరు చూపిస్తామంటే సంతోషంగా వస్తారు. ఒక్కటే జాగ్రత్త. ఇద్దరికీ హిందీ వస్తే మాట అటు జారిపోతుంది.

మొదట ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరీన్ మ్యూజియానికి వెళ్లమంటాను. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి అది, 2002లో మ్యూజియం అయింది. లోపల వివరాలు చెప్పేవాళ్లలో రిటైరైన నేవీ ఉద్యోగులుంటారు. ముందురోజు రాత్రే తలా మూడు ప్రశ్నలు రాసుకోండి. ఏ సంవత్సరం, ఎంత పొడవు అని అడిగితే జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది, అది బోర్డు మీదా ఉంటుంది. అంత ఇరుకులో ఎలా నిద్రపోయేవారు, మంచినీళ్లు ఎలా సరిపెట్టుకునేవారు, ఎవరికైనా జబ్బు చేస్తే ఏం చేసేవారు అని అడగండి. ఆయన నాలుగు మాటలు చెబుతారు. అర్థంకాని చోట ఆపి మళ్లీ అడగాల్సి వస్తుంది. కోర్సులో మీకు దొరకని అభ్యాసం అదే. అయితే ఆదివారం రద్దీలో వెనకవాళ్లు తోస్తుంటే ఆయనకు తీరిక ఉండదు. సోమవారం మ్యూజియానికి సెలవు. కాలేజీ లేని మరో మామూలు రోజు చూసుకోండి.

తొట్లకొండ బౌద్ధ క్షేత్రం లాంటి చోట్ల అడగడానికి మనుషులు తక్కువ. అక్కడ మీలో ఇద్దరు ముందే చదువుకుని వచ్చి, మిగతావాళ్లకు గైడ్లుగా చెప్పాలి. ఆరుగురు ఒకే గుంపుగా నడిస్తే ఇద్దరే మాట్లాడతారు, నలుగురు నవ్వుతారు. ముగ్గురేసి విడిపోండి. తెలుగు మాట్లాడితే పది రూపాయల ఫైన్ లాంటివి వద్దు. డబ్బు పోతుందని బెరుకున్నవాళ్లు అసలు నోరే విప్పరు.

తిరిగి వచ్చాక, చూసినదాన్ని ఒక్కొక్కరు రెండు నిమిషాలు చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. జరిగిపోయిన సంగతి చెప్పేటప్పుడే తెలుగు మీడియం పిల్లలు ఎక్కువగా తడబడతారు. ‘డిడ్ నాట్ వెంట్’ లాంటివి అక్కడే దొర్లుతాయి. మాట్లాడుతుండగా ఎవరూ దిద్దొద్దు. ఒకరు రాసుకుని, చివర్లో ఒక్కో మనిషికి ఒక్క తప్పు చెబితే చాలు. అందరిదీ ఒకే స్థాయి అయితే ఒకరి తప్పులు ఇంకొకరికి అంటుకుంటాయి. అందుకని ఆ రికార్డింగ్‌ను నెలకోసారైనా మీ ఇంగ్లిష్ లెక్చరర్‌కి వినిపించండి.

వచ్చే ఏడాది క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ‘మీ గురించి చెప్పండి’ అనగానే అందరూ బట్టీపట్టిన పేరా అప్పగిస్తారు. అడిగేవాళ్లకది ఇట్టే తెలిసిపోతుంది. వెంటనే ‘సెలవు రోజుల్లో ఏం చేస్తుంటారు’ అని మాట మారుస్తారు. సబ్‌మెరీన్‌లో విన్న సంగతి అప్పుడు పనికొస్తుంది. అది మీరు ముందే పదిసార్లు చెప్పి ఉన్న విషయం కదా.

కొత్త పదాలు మాత్రం షికార్లతో పెద్దగా రావు. రోజూ అరగంట ఇంగ్లిష్ పేపర్ చదవడం మానకండి. బిజినెస్ పేజీ అయితే మీ బీకాంకీ పనికొస్తుంది.